ముగ్గురు కూర్చున్న ఖాళీ సోఫా

…అయినా చూడటమంటే ఏమిటో ముందు తేలకుండా, చూశావా లేదా అని మనిషిని నిలదీస్తే ఏం చెబుతాడు? కళ్ళు తెరిచి ఉంటే చూసినట్టేనా? ఆ లెక్కన చేప చచ్చిపోయాక కూడా చూస్తూనే ఉంటుంది. పోనీ కళ్ళు మూసుకుంటే చూడనట్టేనా? మరి కలల సంగతేమిటి? కళ్ళు తెర మీదా మనసు పక్కవాడి మీదా పెట్టుకుని గంటసేపు కూర్చున్నవాడిని ఏ గాటన కట్టాలి? సగం చూశాను అని చెప్పుకోవడానికి సగం బటన్ ఉండదు కదా. బటన్ అన్నాక నొక్కాలి, లేదా నొక్కకూడదు. బటన్లు తయారుచేసే వాళ్ళకి మనసు గురించి బొత్తిగా తెలియదు. ఇంతదాకా వచ్చేసరికి, అతని చేతిలో గిర్రున తిరుగుతున్న సానరాయి ఎవరిదో పై కోరపన్నును కావలసిన దానికంటే ఎక్కువ అరగదీసేసింది.

మోటారు ఆపి పన్ను వైపు చూశాడు. ఇది మాత్రం అనుమానం లేకుండా చూడటమే.

అతను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. డాక్టర్లు రోగుల నోళ్ళ అచ్చులు పంపిస్తారు, వీళ్ళు ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు నిలబెట్టి తిరిగి పంపిస్తారు. నోళ్ళు వస్తాయి, మనుషులు రారు. ఇరవై రెండేళ్ళుగా అతను పళ్ళిచ్చిన వాళ్ళలో ఒక్కరు కూడా అతని వైపు చూసి నవ్వలేదు. ఇందులో అతనికి బాధేమీ లేదు. ముఖం అవసరం లేని పని కాబట్టే ఇది అతనికి కుదిరింది. ఇప్పుడు బల్ల మీద పదకొండు ప్లాస్టర్ దవడలు నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. మామూలు రోజుల్లో అవి ఆవలిస్తున్నట్టు ఉంటాయి. ఈ బుధవారం పొద్దున మాత్రం, పదకొండూ కలిసి అతన్ని ఏదో అడుగుతున్నట్టున్నాయి.

అడుగుతున్నది దవడలు కావు. వెనక బల్ల దగ్గర చిగుళ్ళు కట్టే ఆవిడ. ల్యాబులో అందరూ మైనం మేడమ్ అంటారు. ఆవిడ రెండు వారాలుగా ఒకే మాట పట్టుకుంది. "ముగ్గురిలో ఒకడు" అనే సీరియల్ని ఆరో భాగంతో అర్ధాంతరంగా ఆపేస్తారా, హంతకుడెవడో చెప్పకుండా మనుషుల్ని గాలికి వదిలేస్తారా, వీళ్ళకి అక్కచెల్లెళ్ళు లేరా అని. చివరి ప్రశ్నకీ సీరియల్‌కీ సంబంధమేమిటో ఎవరూ అడగలేదు.

సీరియల్ కథ పెద్ద చిక్కుదేమీ కాదు. ముగ్గురన్నదమ్ములు. తండ్రి పెట్టిన ఐసు ఫ్యాక్టరీ. తండ్రి వ్యాపారంలో భాగస్వామి ఒకాయన ఒకరోజు పొద్దున ఐసు దిమ్మలో కళ్ళు తెరుచుకుని దొరుకుతాడు. చంపింది ముగ్గురిలో ఒకడు. పెద్దవాడు ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలు తియ్యడు. మధ్యవాడు అస్తమానం చేతులు కడుక్కుంటాడు. చిన్నవాడు పదేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. చంపినవాడు పెద్దవాడు కాదని మైనం మేడమ్ అభిప్రాయం. అంత అందగాడు హత్యలు చెయ్యడట. పింగాణీ పళ్ళు కాల్చే అతన్ని పింగాణీ అని పిలుస్తారు. అతనిది వృత్తిపరమైన అభ్యంతరం. పదేళ్ళు జైలు కూడు తిన్నవాడికి ఆ పలువరస ఎక్కడిదన్నాడు. పైన ఎనిమిది, కింద ఆరు, అన్నీ ఒకే తెలుపు, మొదటి రకం పింగాణీ. ఆ పళ్ళు జైలు ప్రభుత్వం కట్టించిందా? సీరియల్ ఆగిపోవడానికి ఆ పళ్ళే కారణమని పింగాణీ వాదన. జనం వెర్రివాళ్ళు కారు, నోరు చూసి నిజం పట్టేస్తారు.

ఇద్దరూ కలిసి అతని వైపు తిరిగారు. గురువుగారూ మీరేమంటారు, చంపిందెవరు?

అతను ఆరు భాగాలూ, ఆరు బుధవారాలూ, ప్రకటనలతో సహా సోఫాలో కూర్చున్నాడు. కానీ ఐసు దిమ్మలో ఉన్నాయన ముఖం కూడా అతనికి గుర్తులేదు. "మధ్యవాడు," అన్నాడతను. తన సొంత తమ్ముడు అలా అన్నాడు కాబట్టి.

అసలు జరిగింది ఇది. ఈ సంగతి అతనికి, అత్తగారికి, భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. ఏడాది కిందట ఒక మనిషి వాళ్ళింటికి వచ్చి, టీవీ కింద సబ్బుపెట్టె అంత పెట్టె ఒకటి బిగించి వెళ్ళాడు. ఊళ్ళో జనం ఏ ఛానల్లో ఏం చూస్తున్నారో తెలుసుకునే కంపెనీ తరఫున వచ్చాడు. పెట్టె మీద బటన్లు. ఒకటి అతనిది, రెండు భార్యది, మూడు అత్తగారిది, ఎనిమిది అతిథులది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు తమ బటన్ నొక్కాలి, లేస్తే మళ్ళీ నొక్కాలి. మీ ఇల్లు ఒక్కటే అనుకోకండి సార్, మీ వెనక ముప్పైవేల ఇళ్ళు ఉన్నట్టే లెక్క, అన్నాడు పెట్టె మనిషి. ఆయన ఊరికే అన్నాడు. కానీ ఆ రాత్రి నుంచి ముప్పైవేల ఇళ్ళు తాళాలు వేసుకుని వచ్చి అతని వెనక వరసలో నిలబడ్డాయి. అతను నీళ్ళు తాగడానికి లేస్తే ముప్పైవేలమంది లేచేవారు. తుమ్మితే తుమ్మేవారు. జీవితంలో కర్టెన్ల రంగు మీద కూడా మాట చెల్లని మనిషికి హఠాత్తుగా ఇంత జనం.

దాంతో అతనికి నిజాయితీ ముదిరింది. సూచనల పుస్తకంలో "చూస్తున్నప్పుడు" నొక్కాలని ఉంది. కూర్చున్నప్పుడు అని లేదు. ఆ మాట మీద అతను చాలా రోజులు నలిగాడు. వార్తలు చూస్తూ కరెంటు బిల్లు గుర్తొస్తే బటన్ ఆపేసేవాడు, వార్తల్లోకి తిరిగొస్తే నొక్కేవాడు. ఒక్క గంటలో పద్నాలుగుసార్లు నొక్కిన రోజులున్నాయి. అవతల ఆఫీసులో ఎవరో తన మనసు గీతను చూసి మెచ్చుకుంటున్నారని లోలోపల చిన్న ఆశ. మనిషి ధ్యాస ఎంత చపలమో ఇంత శ్రద్ధగా నమోదు చేసినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు ఉండడు.

ఆ రోజుల్లోనే తమ్ముడు రావడం మొదలుపెట్టాడు.

తమ్ముడు లిఫ్టుల మెకానిక్. అన్నదమ్ముల మధ్య గొడవలేమీ లేవు. గొడవుంటే బాగుండేది, మాట్లాడుకోవడానికి ఒక సంగతి ఉండేది. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల్లో ఎదురుపడితే ఒకరి పని గురించి ఒకరు అడిగేవారు. లిఫ్టులు ఎలా ఉన్నాయిరా అని ఇతను, పళ్ళు ఎలా ఉన్నాయన్నయ్యా అని వాడు. రెండూ బాగానే ఉండేవి. అంతటితో సరి. పన్నెండేళ్ళు అలా గడిచాయి. ఒక బుధవారం సాయంత్రం పక్కవీధిలో లిఫ్టు బాగుచేసి, చేతులకి గ్రీజుతో తమ్ముడు తలుపు కొట్టాడు. ఏడింటికి కొత్త సీరియల్ మొదలవుతుంది, ఇంటికి చేరేసరికి అయిపోతుంది, ఇక్కడ చూడొచ్చా అని అడిగాడు. వదిన లేదా అన్నాడు. భార్యకి బుధవారాలు మందుల షాపులో సాయంత్రం డ్యూటీ. సోఫాలో ఒక చివర అత్తగారు, మధ్యలో తమ్ముడు, ఈ చివర అతను. ఆ రోజు నుంచి ప్రతి బుధవారమూ అంతే.

అప్పుడతనికి తెలిసింది, తను సీరియల్ చూడటం లేదని. తమ్ముడిని చూస్తున్నాడు. తెర నీలంగా మారితే తమ్ముడి చెవి నీలంగా మారేది. ఉత్కంఠ పెరిగితే వాడు కింది పెదవిని వేళ్ళతో లాగేవాడు. చిన్నప్పుడు లెక్క తెగకపోతే అలాగే లాగేవాడు. మూడో భాగంలో చిన్నవాడు ఎక్కిన లిఫ్టు తాడు తెగి ఏడంతస్తులు కింద పడింది, అయినా వాడు బతికాడు. తమ్ముడు సోఫాలోంచి లేచి నిలబడి, ప్రకటనలు అయ్యేదాకా లిఫ్టు అలా పడదని వాదించాడు. ఒక తాడు తెగితే ఇంకా నాలుగుంటాయి, నాలుగూ తెగితే పక్కన దవడల్లాంటివి రెండు పట్టాలను కరుచుకుంటాయి, ఎక్కడిది అక్కడ ఆగిపోతుంది అన్నాడు. అలా ఎంత గట్టిగా కరుస్తాయని అతను అడిగాడు. తమ్ముడు అతని ముంజేతిని పట్టుకుని చూపించాడు. పన్నెండేళ్ళలో వాళ్ళ సుదీర్ఘమైన సంభాషణ అది.

అందుకని ఆ గంట ఒకటో నంబరు బటన్ నొక్కడానికి అతనికి మనసు ఒప్పలేదు. చూడనిదాన్ని చూశానని ముప్పైవేల ఇళ్ళ చేత అబద్ధం చెప్పించడమా? అత్తగారు మొదటి పాట అయ్యేసరికి కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చేస్తారు. నిద్రపోయేవాళ్ళని ప్రేక్షకులంటే అదీ అబద్ధమే. కాబట్టి మూడు కూడా నొక్కలేదు. మిగిలింది ఎనిమిది. అది నొక్కితే ఇదేమిటని తమ్ముడు అడుగుతాడు. చెప్పకూడదని సంతకం ఉంది. పైగా టీవీ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్ళకి అసలే తెలియకూడదని రాసుంది. ఆ ఛానల్ వాళ్ళ భవనంలో లిఫ్టులు చూసేది తమ్ముడి కంపెనీయే. లిఫ్టు బాగుచేయడం సంబంధం కిందికి వస్తుందా? దీని మీద రెండు బుధవారాలు గడిచాయి. ఎవరూ ఏదీ నొక్కకపోతే పెట్టె మీద ఎర్రదీపం టిక్కుటిక్కుమంటూ ఆరి వెలుగుతుంది. అది తమ్ముడి కంట పడకుండా ల్యాబు నుంచి కాస్త గులాబిరంగు మైనం తెచ్చి దాని మీద అద్దేశాడు. అదేమిటని తమ్ముడు అడిగితే స్టెబిలైజర్ అన్నాడు. ఇంత చిన్నది ఎక్కడ దొరికిందని వాడు ఆశ్చర్యపోయాడు.

ఆరో బుధవారం తరువాత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఆపేశారు. ప్రేక్షకుల ఆదరణ లేదట. పైనున్న వాళ్ళు లిఫ్టులో మాట్లాడుకుంటుంటే విన్నాను. ఊళ్ళో కొన్ని ఇళ్ళకి పెట్టెలిచ్చారట. ఆ పెట్టెల్లో మనవాళ్ళు తేలలేదట. ఆ పెట్టెలున్న మహానుభావులెవరో దొరకాలి, లిఫ్టెక్కించి రెండంతస్తుల మధ్య ఆపేసి ఇంటికెళ్ళిపోతాను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను ఫోను పట్టుకుని మైనం వైపు చూశాడు.

అప్పటినుంచి తమ్ముడు ఛానల్ వాళ్ళ పేజీలో ప్రేక్షకుల అభిప్రాయాలు పోగుచేసే పనిలో పడ్డాడు. అతను ఆ పేజీ రోజూ తెరిచి చదివేవాడు, తన మీద రాసిన నేరపత్రం చదువుకున్నట్టు. ఒక టైలరు, పెద్దవాడి కోటు భుజాలు జారిపోయాయి కానీ కథ నిలబడిందని రాశాడు. ఒక రిటైర్డ్ టీచరు ఆరు భాగాలకీ మార్కులు వేసి, మధ్యవాడిని మాత్రం సప్లిమెంటరీ రాయమంది. ఐసు అంత తెల్లగా ఉండదు, మధ్యలో గాలి బుడగలుంటాయి, అయినా మళ్ళీ మొదలుపెట్టండని ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన. తమ్ముడు లిఫ్టు గురించి నాలుగు పేరాలు రాశాడు. చివర ఒక వాక్యం: "ఏడో భాగంలో ఈ తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వాలని మనవి." నువ్వూ రాయన్నయ్యా, నీకు మాటలు బాగా వచ్చు అని రెండుసార్లు అడిగాడు. అతను పేజీ తెరిచి "ఈ సీరియల్ నాకు" అని రాసి, నాకు ఏమిటో తెలియక, గంటసేపు ఆలోచించి మూసేశాడు.

కిందటి బుధవారం ఏడింటికి సోఫా సర్ది కూర్చున్నాడు. తమ్ముడు రాలేదు. ఎందుకొస్తాడు? చూడటానికేముంది? ఆ గంటలో జలుబు మందు వాళ్ళు సమర్పించే కార్యక్రమమేదో వచ్చింది. సీరియల్ చచ్చిపోతే అతనికేమీ లేదు. సీరియల్ పోతూ పోతూ తమ్ముడిని కూడా పట్టుకుపోయింది. అది చంపింది తనే. ముగ్గురిలో ఒకడు.

పైగా నిన్న పెట్టె మనిషి ఫోన్ చేశాడు. మీ ఇంటి వివరాలు వింతగా ఉన్నాయి సార్, రేపు సాయంత్రం ఆరున్నరకి వచ్చి ఒకసారి చూసుకుంటాం అన్నాడు.

కోరపన్ను మళ్ళీ కట్టి, సాయంత్రం ఆరుకల్లా ఇల్లు చేరాడు. పెట్టె మనిషి సరిగ్గా ఆరున్నరకి వచ్చాడు. సన్నగా, మెడలో గుర్తింపు కార్డుతో, బూట్లు విప్పుతూనే క్షమాపణలు చెప్పేరకం. అత్తగారు తన చివర కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నారు. పెట్టె మనిషి టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కాగితం విప్పి, గొంతు బాగా తగ్గించాడు.

"సార్, ఏమీ అనుకోకండి. ఆరు బుధవారాలు, ఏడు నుంచి ఎనిమిది దాకా మీ టీవీ నడిచింది. ఇంట్లో మాత్రం ఎవరూ లేరు. టీవీ ఒక్కటే దానంతటది చూసుకుంది. మా పెట్టె చెడిపోయిందనుకున్నాం, కానీ వార్తలప్పుడేమో గంటకి పద్నాలుగుసార్లు నొక్కుతున్నారు. మా ఆఫీసులో మీ ఇంట్లో పిల్లి ఉందని పందెం కాశారు."

అతని మనసు గీతను పిల్లి అన్నారు. ఆ దెబ్బ తినడానికి కూడా తీరిక దొరకలేదు. తలుపు దగ్గర తమ్ముడున్నాడు.

చేతిలో కాగితాల కట్ట. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రెండొందల పన్నెండు అభిప్రాయాలు వచ్చాయని, అన్నీ అచ్చు వేయించానని, రేపు ఆ భవనంలో లిఫ్టు చూడటానికి వెళ్ళినప్పుడు పైవాళ్ళ చేతికే ఇస్తానని చెప్పాడు. నీదొక్కటే లేదు, రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు చాలు, కూర్చోను, వెళ్ళాలి అన్నాడు. అప్పుడు టీవీ కింద మోకాళ్ళ మీదున్న మనిషిని చూశాడు.

ఆయన స్టెబిలైజర్ బాగుచేసేవాడని అతను పరిచయం చేశాడు. పెట్టె మనిషికి కూడా రహస్యం కాపాడతానని సంతకం ఉంది. అవునండీ, వోల్టేజి చాలా ఎక్కువగా, అంటే చాలా తక్కువగా ఉంది అన్నాడు. యంత్రం విప్పి ఉండగా చూస్తూ నిలబడటం తమ్ముడి రక్తంలో లేదు. కాగితాలు టీపాయ్ మీద పెట్టి పక్కన కూర్చున్నాడు. ఏదీ చూద్దాం అన్నాడు. ఇదేమిటీ గులాబి ముద్ద అన్నాడు. గోటితో పెరికాడు. కింద ఎర్రదీపం టిక్కుటిక్కుమని వాళ్ళందరి వైపు చూసింది. స్టెబిలైజర్‌కి ఎనిమిది బటన్లెందుకని అడిగాడు. వోల్టేజి ఎనిమిది రకాలుంటుందని పెట్టె మనిషి చెప్పాడు. తమ్ముడు అతని మెడలో కార్డు వైపు చూశాడు. పెట్టె మనిషి కార్డును చొక్కాలోకి తోసుకున్నాడు.

ఈ దశలో కూడా నెట్టుకొచ్చేవాడే. తమ్ముడికి అనుమానం ఉన్నా అన్నయ్య మాట కాదనడు. కానీ సోఫా చివరి నుంచి, కళ్ళు తెరవకుండానే, అత్తగారు నోరు విప్పారు.

"స్టెబిలైజరేమిటి బాబూ. మనం చూశామో లేదో పైవాళ్ళకి చెప్పే పెట్టె అది. నాది మూడో నంబరు. అల్లుడుగారు ఒక్కనాడూ నొక్కలేదు. నేను నిద్రపోతానని ఆయన ఉద్దేశం. నేను కళ్ళు మూసుకుని చూస్తాను."

టీవీలో ఎవరో తుమ్మారు.

తమ్ముడు పెట్టె మనిషి వైపు తిరిగాడు. ఇంటివాళ్ళు కాక వేరేవాళ్ళొస్తే ఏది నొక్కాలని అడిగాడు. ఎనిమిది, అతిథులు, అన్నాడతను. బుధవారాలు నొక్కారా అని తమ్ముడు అడిగాడు. పెట్టె మనిషి కాగితం చూశాడు. ఇంటాయన వైపు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. ఆ కాగితంలో ఏముందో ముగ్గురికీ తెలుసు.

"సున్నా అండీ."

"ఆరు వారాలూ?"

"ఆరు వారాలూ సున్నాయే."

తమ్ముడు లేచి ప్యాంటు మోకాళ్ళు దులుపుకున్నాడు. లిఫ్టు మాట ఎత్తలేదు, రెండంతస్తుల మధ్య ఆపేస్తానన్న మాట ఎత్తలేదు. అలా ఎత్తినా బాగుండేది.

"అయితే నేను రాలేదన్నమాట," అన్నాడు.

ఇక్కడ అతను చెప్పవలసింది చిన్న వాక్యం. ఆ వాక్యం గొంతుదాకా వచ్చింది కూడా. కానీ అతని గొంతులో ఎప్పుడూ చాలా వాక్యాలు వరసలో ఉంటాయి, చిన్నవాటిని పెద్దవి తోసేస్తాయి. కాబట్టి అతను చూపుకీ ధ్యాసకీ ఉన్న తేడా గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కళ్ళు తెరిచి చచ్చిన చేప ఉదాహరణ ఇచ్చాడు. సూచనల పుస్తకంలో మూడో పేజీలో ఆ మాట ఎంత అస్పష్టంగా ఉందో చెప్పాడు. సంతకం గురించి, సంబంధం అనే మాటకి ఉన్న అర్థాల గురించి, ముప్పైవేల ఇళ్ళ గురించి చెప్పాడు. సీరియల్ని చంపింది తనేనని, ఈ నేరం ఎన్ని రోజులుగా మోస్తున్నాడో ఎవరికీ తెలియదని కాస్త గంభీరంగానే ఒప్పుకున్నాడు. తమ్ముడు ఓపిగ్గా విన్నాడు. చిన్నప్పుడు అన్నయ్య పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు.

పెట్టె మనిషి మధ్యలో చెయ్యెత్తాడు. మీరు నొక్కినా ఆగిపోయేదే సార్, ఇంకో వెయ్యి ఇళ్ళు నొక్కినా ఆగిపోయేదే, అందరి ఇళ్ళల్లోనూ అలాగే ఉంది, మీ ఒక్కరి వల్ల ఏమీ కాలేదు అని ఓదార్చాడు.

ఇది విని అతనికి ఊరట కలగాలి. కలగలేదు. వెనకనున్న ముప్పైవేల ఇళ్ళూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, దేని తాళం అది తీసుకుని, దేని వీధిలోకి అది వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ తను మోసింది పాపం కాదు, ప్రాముఖ్యం. హంతకుడిగానైనా సరే తనొక ముఖ్యమైన మనిషి. ఆ ఉద్యోగం ఇప్పుడు పోయింది. చేసిన నేరాల్లో మిగిలిందల్లా ఒక్కటి, చాలా చిన్నది. ఏ ఛానల్ వాడికీ పట్టనిది. ఒక మనిషి ఆరుసార్లు ఇంటికొస్తే సున్నా వేశాడు.

పెట్టె మనిషి పెట్టె మూస్తూ, మర్యాదకి, ఇంతకీ చంపిందెవరంటారండీ అని అత్తగారిని అడిగాడు. ఉద్యోగరీత్యా అడగకూడని ప్రశ్న. అడిగిన తరువాత ఆగలేకపోయాడు. అత్తగారు కళ్ళు తెరిచారు. ముగ్గురూ కాదన్నారు. రెండో భాగంలో ఫోన్లో బెదిరించిన గొంతూ, అయిదో భాగంలో ముగ్గురికీ కాఫీ ఇచ్చిన వంటమనిషి గొంతూ ఒకటే, కళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళకి అలాంటివి వినపడవన్నారు. పెట్టె మనిషి నిర్ఘాంతపోయాడు. సోఫా మధ్యలో, తమ్ముడు కూర్చునే చోట కూలబడ్డాడు. తనూ ఆరు భాగాలు చూశానని, పెద్దవాడి మీద మొదటినుంచీ అనుమానమని, నల్ల కళ్ళద్దాలకి అర్థం లేకపోతే ఎలా అని వాదనకి దిగాడు. అద్దాలు కళ్ళకలక వల్ల పెట్టుకుని ఉంటాడని అత్తగారు కొట్టిపారేశారు. ఇద్దరూ కలిసి ఐసు దిమ్మ దగ్గరనుంచి మొదలుపెట్టారు.

ఆ సందట్లో తమ్ముడు టీపాయ్ మీది కాగితాలు తీసి అంచులు సమంగా తట్టాడు. సరే అన్నయ్యా, పొద్దున్నే పనుంది, అన్నాడు. కోపంగా అనలేదు. వాడి కోపం ఇతనికి తెలుసు, కోపం వస్తే వాడు పనిముట్లు చప్పుడు చేస్తాడు. ఇది చప్పుడు లేని మాట. పళ్ళు ఎలా ఉన్నాయన్నయ్యా అన్నంత మామూలుగా ఉంది. అంటే మళ్ళీ పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల్లో. సంతకం మాట మళ్ళీ అడగలేదు. గుమ్మం దాటాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. లిఫ్టు మెకానిక్ లిఫ్టెక్కడు, ఎప్పుడూ మెట్లే.

అతను గది మధ్యలో నిలబడ్డాడు. మెట్లు మలుపుకి పదకొండు, మలుపులు ఆరు. వాడు రెండేసి మెట్లు దిగుతాడు. ఎనిమిదో నంబరు ఎందుకు నొక్కలేదో అతనికి ఇప్పుడు తెలిసింది. సంతకం కాదు, సంబంధం కాదు, లిఫ్టు కాదు. బటన్ మీద వేలు పెట్టినప్పుడల్లా కింద అతిథి అని ఉండేది. తమ్ముడిని పట్టుకుని అతిథి అని నొక్కడానికి వేలు రాలేదు. ఆ పెట్టెలో వాడికి తగిన బటన్ లేదు, అంతే. ఈ మాట వాడితో చెప్పాలి. కానీ చెప్పడానికి ముందు దీన్ని ఇంకాస్త ఆలోచించాలి, ఎందుకంటే ఇది నిజమా, ఇప్పుడు తయారుచేసుకున్నదా అన్నది ఒక ప్రశ్న. తప్పు చేశాక మనసు పొందికైన కారణాలు కట్టుకుంటుంది, చిగుళ్ళకి మైనం కట్టినట్టు. అచ్చుకి సరిగ్గా సరిపోయిందంటే అసలుదని కాదు. పైగా మెట్ల మీద ఇదంతా ఎలా మొదలుపెట్టాలి? ముందు సీరియల్ గురించి మొదలుపెడితే…

అడుగుల చప్పుడు మూడో మలుపు తిరిగింది.

వెనక పెట్టె మనిషి, కాఫీ ఇచ్చింది వంటమనిషి కాదు పనిమనిషి అంటున్నాడు. అతను గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఒకటి తనది, ఒకటి అత్తగారిది. మార్చుకునేంత వ్యవధి లేదు. ఎడంకాలు కాస్త బిగిసింది. అలాగే మెట్లు దిగడం మొదలుపెట్టాడు.